తొలి క్లిక్‌కి ముందు...

గోడ మీద తాతయ్య ఫొటో. దాన్ని తీసిన కెమెరా ఏ అటక మీదో, బీరువా అడుగునో ఉండే ఉంటుంది. మరి ఆ కెమెరాకి తాతయ్య ఎవరు? ప్రతి పేరున్న కెమెరాకీ ముందు ఓ పేరులేని కెమెరా ఉంది. చేత్తో చేసింది, సగం పనిచేసి సగం మొరాయించింది, దుకాణం ముఖమే చూడనిది. ఆ తొలి నమూనాల కథే ఇది!

చార్మినార్ దగ్గర మొదలుపెట్టి లాడ్‌బజార్ గాజుల మెరుపులు చూసుకుంటూ పడమటి వైపు నడిస్తే మహబూబ్ చౌక్ గడియార స్తంభం కనిపిస్తుంది. అది దాటి ఇంకాస్త ముందుకెళ్తే హుస్సేనీ ఆలం. మొహర్రం పీరు పేరుతోనే వెలసిన పాత పేట. నిజాముల కొలువు జరిగిన చౌమహల్లా ప్యాలెస్ కూడా నడిచి వెళ్లేంత దూరమే. ఎత్తయిన ప్రహరీలు, లోపల విశాలమైన వాకిళ్లు, ఆడవాళ్లకు వేరుగా జనానా... ఒకప్పుడు ఈ చుట్టుపక్కల పెద్దిళ్లన్నీ అలాంటివే.

ఆ గడియార స్తంభం కట్టింది 1892లో. సరిగ్గా ఆ ఏడాదే హైదరాబాద్‌లో మరో విశేషం జరిగింది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్ ఆడవాళ్ల కోసమే ప్రత్యేకంగా ఓ ఫొటో స్టూడియో తెరిచాడు. చుట్టూ ఎత్తయిన గోడలు. లోపల పనిచేసేది ఆడవాళ్లే. నిర్వహణ బాధ్యత కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళది. ఘోషా పాటించే కుటుంబాల స్త్రీలు పరాయి మగవాడి ముందు కూర్చోనక్కర్లేకుండా ఫొటో తీయించుకోవాలంటే అప్పట్లో అదొక్కటే దారి.

అంత హంగామా ఎందుకంటారా? అప్పటి కెమెరా అలాంటిది మరి! చెక్క పెట్టె, దానికి హార్మోనియంలాంటి తిత్తి, మూడు కాళ్ల స్టాండు, నల్లగుడ్డ, బరువైన గాజు పలకలు. ఒక్కో ఫొటోకి ఒక్కో పలక. కెమెరా మనింటికి రావాలంటే దాంతోపాటు నిపుణుడూ, సామాన్లు మోసే మనుషులూ రావాలి. అందుకే మనుషులే కెమెరా దగ్గరికి వెళ్లేవారు. దీన్‌దయాళ్ స్టూడియో గాజు నెగటివ్‌లు 2,800కు పైగా ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. వాటిని పేర్చాలంటే అల్మారాలకు అల్మారాలే కావాలి!

ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకే సీన్ మారిపోయింది. చొక్కా జేబులో పట్టేంత కెమెరా వచ్చింది. ఇంటి ఆడపడుచే చేత్తో పట్టుకుని, వాకిట్లో ఆడుకునే పిల్లల్నీ పందిట్లో పెళ్లికూతుర్నీ తీయగలిగింది. స్టూడియో అక్కర్లేదు, పరదా కట్టక్కర్లేదు. ఈ మార్పు ఒక్కరోజులో రాలేదు. ఓ ఆయాసం రోగి, లెక్కలు తప్పిన ఓ కంపెనీ, తన ఇంజినీరు చేసిన కెమెరాని ‘ఇదేం కెమెరా’ అని తీసిపారేసిన ఓ ఫ్యాక్టరీ పెద్ద... ఇలా ఎందరి కథలో ఉన్నాయి దీని వెనక.

ఆయాసం నేర్పిన పాఠం

ఆస్కార్ బార్నాక్ జర్మన్ మెకానిక్. 1911లో వెట్జ్‌లార్ అనే ఊళ్లో మైక్రోస్కోపులు చేసే లైట్జ్ కంపెనీలో చేరాడు. మనిషికి ఫొటోల పిచ్చి. కానీ ఒంట్లో ఉబ్బసం. గాజు పలకల కెమెరాని భుజాన వేసుకుని కొండలెక్కాలంటే ఊపిరి అందేది కాదు. ఎవరైనా అయితే ఫొటోలు మానేస్తారు. బార్నాక్ మాత్రం కెమెరాని మార్చాలనుకున్నాడు. చిన్న నెగటివ్ మీద ఫొటో తీసి తర్వాత పెద్దది చేసుకుంటే సరిపోదా అన్నది ఆయన ఆలోచన.

అప్పటికే సినిమాల కోసం 35 మిల్లీమీటర్ల వెడల్పు ఫిల్మ్ దొరుకుతోంది. సినిమాలో ఒక్కో బొమ్మ కొలత 18, 24 మిల్లీమీటర్లు. బార్నాక్ ఫిల్మ్‌ని అడ్డంగా నడిపించి, రెండు బొమ్మల చోటుని ఒక్కటి చేశాడు. అలా వచ్చిందే 24, 36 మిల్లీమీటర్ల కొలత. నూరేళ్లు దాటినా, డిజిటల్ కాలంలో కూడా ‘ఫుల్‌ఫ్రేమ్’ అంటే ఇదే కొలత!

ఆ ఆలోచనతో ఆయన చేతుల్లో 1914 నాటికి రూపు దిద్దుకున్న లోహపు కెమెరాని ఇప్పుడు ‘ఉర్ లైకా’ అంటారు. జర్మన్ భాషలో ‘ఉర్’ అంటే ఆదిమమైనది అని అర్థం. అది అమ్మడానికి చేసింది కాదు, తన కోసం చేసుకున్నది. 1920లో వెట్జ్‌లార్‌ని వరదలు ముంచెత్తినప్పుడు బార్నాక్ ఆ బుల్లి కెమెరాతోనే వీధుల్లో తిరిగి ఫొటోలు తీశాడు. మూడు కాళ్ల స్టాండు వేసుకుని నీళ్లలో అలా తిరగడం సాధ్యమా!

మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి కథ ఆగిపోయింది. మళ్లీ 1923లో పరీక్ష కోసం ఓ పాతిక దాకా కెమెరాలు చేశారు. వాటిని ‘నల్ సిరీస్’ అంటారు. అంటే సున్నా వరస. వాటిలో ఓ తమాషా లోపం ఉండేది. ఫొటో తీశాక తర్వాతి ఫొటో కోసం ఫిల్మ్ తిప్పుతుంటే, షట్టర్ సందులోంచి వెలుతురు లోపలికి చొరబడేది. అందుకని తిప్పే ప్రతిసారీ లెన్స్‌కి మూత పెట్టాలి. మూత పోకుండా దాన్ని దారంతో కెమెరాకే కట్టారు! మూత పెట్టడం మరిచారా, ఫిల్మ్ పాడైనట్లే. తీయడం మరిచారా, ఫొటో రానట్లే.

నమూనా ప్రయోజనం ఇదే. తప్పు అక్కడ బయటపడాలి, కొనేవాడి చేతిలో కాదు. తిప్పేటప్పుడు సందు దానంతటదే మూసుకునేలా షట్టర్‌ని మార్చారు. కంపెనీలో చాలామంది వద్దన్నా యజమాని ఎర్నెస్ట్ లైట్జ్ సాహసం చేద్దామనే నిర్ణయించాడు. 1925 వసంతంలో లీప్‌జిగ్ సంతలో ‘లైకా’ జనం ముందుకొచ్చింది. లైట్జ్‌లోని మొదటి అక్షరాలూ కెమెరాలోని మొదటి అక్షరాలూ కలిస్తే లైకా!

మూతకు దారం కట్టుకున్న ఆ సున్నా వరసలోని 105వ నంబరు కెమెరా బార్నాక్ సొంతంగా వాడుకున్నది. 2022 జూన్‌లో వేలం వేస్తే కమీషన్‌తో కలిపి ఎంత పలికిందో తెలుసా? కోటీ 44 లక్షల యూరోలు. అప్పటి మన రూపాయల్లో 110 కోట్ల పైమాటే. లోపం సరిచేసిన కెమెరాలు వేలల్లో ఉన్నాయి. లోపంతో పుట్టినవే కొన్ని. ధరంతా ఆ తప్పుదే!

విప్పి చూస్తే వజ్రాల్లేవు

జపాన్‌లో గొరొ యోషిదాకి చిన్నప్పటి నుంచీ కెమెరాలు విప్పి బిగించడం సరదా. లైకా అప్పటికే ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. ధర మాత్రం సామాన్యుడికి అందనిది. అంత ఖరీదెందుకో చూద్దామని ఓ లైకాని విప్పేశాడు. లోపల ఇత్తడి, అల్యూమినియం, ఇనుము, రబ్బరు... అంతే. వజ్రాలేమీ లేవు! మరి మనమెందుకు చేయలేం అనిపించిందట.

1933లో బావమరిది వరసైన సబురొ ఉచిదాతో కలిసి టోక్యోలో చిన్న ప్రయోగశాల పెట్టాడు. మరుసటి ఏడాది ఓ కెమెరా పత్రికలో ప్రకటన వచ్చింది. కెమెరా పేరు ‘క్వానన్’. బౌద్ధుల కరుణామూర్తి అవలోకితేశ్వరుడికి జపనీయులు పెట్టుకున్న పేరు అది. లెన్స్‌కి బుద్ధుడి శిష్యుడు కాశ్యపుడి పేరు పెట్టారు. చిహ్నంగా వేయి చేతుల దేవత బొమ్మ, చుట్టూ అగ్నిజ్వాలలు. నాగార్జునకొండ, అమరావతి చూసిన మనకి ఆ పేర్లు పరాయివి అనిపించవు.

చిత్రమేంటంటే, ఆ క్వానన్ ఒక్కటి కూడా బజారులో అమ్ముడుపోలేదు. ప్రకటన ముందొచ్చింది, కెమెరా రాలేదు! లోపాలన్నీ దిద్దుకుని 1936లో అమ్మకానికి పెట్టేసరికి దాని పేరు ‘హన్సా కెనాన్’ అయింది. క్వానన్ కాస్తా కెనాన్. ఇంకో తమాషా... ఆ తొలి కెనాన్‌కి లెన్స్ చేసిచ్చింది నిప్పాన్ కొగాకు అనే కంపెనీ. తర్వాతి రోజుల్లో దాని పేరే నికాన్! దశాబ్దాల పాటు పోటీపడిన రెండు కంపెనీల్లో ఒకదాని మొదటి కెమెరాకి రెండోది కన్ను దానం చేసిందన్నమాట.

నికాన్‌కి కూడా తొలి అడుగులో ఎదురుదెబ్బ తగిలింది. 1948లో వచ్చిన ‘నికాన్ ఐ’ కొలత 24, 32 మిల్లీమీటర్లు. కాస్త కురచ చేస్తే ఒక్క రోల్‌లో ఎక్కువ ఫొటోలు వస్తాయి కదా అన్నది లెక్క. యుద్ధానంతరం ఫిల్మ్ కూడా పొదుపు చేసుకోవాల్సిన వస్తువే మరి. కానీ కలర్ స్లైడ్లు కత్తిరించే యంత్రాలన్నీ బార్నాక్ కొలతకే అలవాటుపడ్డాయి. దాంతో ఎగుమతికి అడ్డంకి వచ్చింది. కొలతని 34కి పెంచారు. చివరికి 1954లో వచ్చిన ‘ఎస్2’తో 36కే వచ్చి చేరారు. ఎంత మంచి ఆలోచనైనా లోకం మొత్తం వేరే తూకంరాళ్లు వాడుతుంటే ఏం లాభం!

ఇలా నమూనా నుంచి బజారుకి వచ్చేలోపు ఏదో ఒకటి మారిపోవడం మామూలే. పెంటాక్స్ వాళ్లు 1960లో జర్మనీలోని ప్రదర్శనలో ఓ కెమెరాని చూపించారు. దృశ్యంలో ఒక్క బిందువు దగ్గరే వెలుతురుని కొలుస్తుంది కనుక ‘స్పాట్‌మాటిక్’ అన్నారు. తీరా 1964లో అమ్మకానికి వచ్చేసరికి దృశ్యం మొత్తం వెలుతురుని సగటున కొలిచే పద్ధతి పెట్టారు. వాడేవాళ్లకు అదే తేలిక. పద్ధతి మారింది కానీ పేరు మారలేదు. ‘స్పాట్’ లేని స్పాట్‌మాటిక్‌నే జనం నెత్తిన పెట్టుకున్నారు.

ఒక రోల్... 72 ఫొటోలు!

మధ్యతరగతి ఇంట్లోకి కెమెరా రావడానికి అసలు అడ్డంకి బరువు కాదు, ఖర్చు. ఆ బాధ తెలిసిన కుర్రాడు యొషిహిసా మైతానీ. 1956లో ఒలింపస్‌లో చేరాడు. ఆరు వేల యెన్లకు అమ్మగలిగే కెమెరా చేస్తానన్నాడు. అప్పటి ఒలింపస్ కెమెరాల ధరతో పోలిస్తే అది చాలా తక్కువ. నవ్వారంతా.

మైతానీ ముందు లెన్స్ సంగతి చూశాడు. డబ్బులో సింహభాగం దానికే. ఎందుకంటే ఫొటో బాగా రాకపోతే కెమెరా చవకైనా దండగే. మిగిలిన కొద్ది సొమ్ముతో మిగతాదంతా చేయాలి. అందుకే ఫిల్మ్ తిప్పే మీట తీసేసి, వెనకవైపు బొటనవేలితో తిప్పే చిన్న చక్రం పెట్టాడు. బొమ్మ కొలతని బార్నాక్ చేసిన దానిలో సగానికి తగ్గించాడు. 36 ఫొటోల రోల్‌లో 72 వచ్చేవి! తీరా నమూనా చూసిన ఫ్యాక్టరీ పెద్ద మాత్రం ఇలాంటి బొమ్మ కెమెరాని మా దగ్గర చేయం పొమ్మన్నాడు. బయటి సంస్థతో చేయించాల్సి వచ్చింది. 1959లో ‘ఒలింపస్ పెన్’ పేరుతో బజారుకొచ్చింది. పెన్నులా జేబులో పెట్టుకోవచ్చని ఆ పేరు. వచ్చీ రాగానే ఎగబడి కొన్నారు. ఎవరు కొన్నారు? అప్పటిదాకా కెమెరా ముట్టని గృహిణులు, చిరుద్యోగులు, పిల్లల తల్లులు.

హార్మోనియం షాపులో పుట్టిన కెమెరా

ఇవన్నీ జర్మనీ, జపాన్ కథలు. మరి మన దేశంలో? ఉంది, కానీ మనకే సరిగ్గా తెలియదు. కేరళలోని అలప్పుళలో సంగీత వాయిద్యాలు బాగుచేసే దుకాణం ఒకటుండేది. ఓరోజు ఓ స్టూడియో యజమాని తన కెమెరా పట్టుకుని ఆ దుకాణానికి వచ్చాడు. కెమెరా తిత్తి చిరిగింది. హార్మోనియం తిత్తి అతికేవాళ్లకి కెమెరా తిత్తి ఓ లెక్కా అన్నది ఆయన నమ్మకం. ఆ నమ్మకం వమ్ము కాలేదు. తిత్తి బాగుపడింది. తిత్తి చేయగలిగినవాళ్లం కెమెరానే ఎందుకు చేయకూడదన్న ఆలోచనా పుట్టింది.

దుకాణదారు కొడుకు కె.కరుణాకరన్ ఆ పని నెత్తికెత్తుకున్నాడు. టేకు చెక్క, ఇత్తడి, తిత్తి... లెన్స్ ఒక్కటే విదేశాల నుంచి. 1940ల్లో అలా తయారైన ‘వాగీశ్వరి’ ఫీల్డ్ కెమెరా ధర 250 రూపాయలు. దేశంలోని నానా మూలల స్టూడియోలకీ వెళ్లింది. బార్నాక్‌ది మైక్రోస్కోపుల కంపెనీ అయితే, కరుణాకరన్‌ది హార్మోనియం దుకాణం. ఇద్దరూ చేసింది ఒకటే. చేతిలో ఉన్న పనితనాన్ని కొత్త అవసరానికి మళ్లించారు.

తర్వాత కాలంలో కోల్‌కతా జాదవ్‌పూర్‌లోని నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్ అనే ప్రభుత్వ సంస్థ జర్మన్ నమూనా ఆధారంగా ‘నేషనల్ 35’ కెమెరా చేసింది. వడోదరలో తయారైన ‘అగ్ఫా క్లిక్ త్రీ’ అయితే మన ఇళ్లలో ఓ తరానికి తొలి కెమెరా. ఒక రోల్‌కి పన్నెండే ఫొటోలు. అందుకే బటన్ నొక్కే ముందు నాన్న పదిసార్లు చూసేవాడు. కళ్లు మూయొద్దని అమ్మ పిల్లల్ని పదిసార్లు హెచ్చరించేది!

తనను చంపేదాన్ని తానే కని...

ఫిల్మ్ యుగాన్ని ముగించింది కూడా ఓ నమూనాయే. దాన్ని చేసింది సాక్షాత్తూ ఫిల్మ్ అమ్ముకుని బతికిన కొడాక్ కంపెనీ! 1975లో అక్కడి యువ ఇంజినీరు స్టీవెన్ సాసన్ ఫిల్మ్ అవసరంలేని కెమెరా తయారుచేశాడు. బరువు మూడున్నర కిలోల పైనే. ఒక్క నలుపు తెలుపు ఫొటో క్యాసెట్‌లోకి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. టీవీకి కలిపితేనే బొమ్మ కనిపించేది. ఫిల్మ్ లేని ఫొటో ఎవరికి కావాలి అనుకుని కంపెనీ ఆ ఆలోచనని పక్కన పెట్టింది. 2012లో అదే కొడాక్ దివాలా పిటిషన్ వేసింది.

ఫిల్మ్ పోయాక దాంతోపాటే ఇంకోటి కూడా పోవడం మొదలైంది. పనితనం. 2022 చివర్లో పెంటాక్స్ బ్రాండ్ సొంతదారు రికో మళ్లీ ఫిల్మ్ కెమెరా చేస్తామని ప్రకటించింది. కొత్త తరం ఇంజినీర్ల దగ్గర పాత డ్రాయింగులున్నాయి. కానీ చేతితో ఫిల్మ్ తిప్పే మీట ఎలా చేయాలో, పళ్లచక్రాలు ఎలా కూర్చాలో కాగితం చెప్పనివి చాలా ఉన్నాయి. పదవీ విరమణ చేసిన పెద్దల్ని వెతికి అడగాల్సి వచ్చింది. అలా 2024లో వచ్చిన ‘పెంటాక్స్ 17’ కూడా సగం కొలతదే. 36 రోల్‌లో 72 ఫొటోలు. మైతానీ లెక్కే మళ్లీ!

అక్కడ అడగడానికి పెద్దలు మిగిలారు. ఇక్కడ?

హుస్సేనీ ఆలం నుంచి పురానాపూల్ వైపు వెళ్తే ప్రతి గురువారం జుమేరాత్ బజార్ జరుగుతుంది. పాత ఇనుము, పాత గడియారాలు, పాత రేడియోలు... ఏదైనా దొరకొచ్చంటారు. అలాంటి సంతల్లో కెమెరాలు కూడా కిలోల లెక్కన కుప్పలో కలిసిపోతుంటాయి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడో, తాతయ్య పోయాక గది సర్దేటప్పుడో పాత సామాన్లవాడి సంచిలో పడినవే చాలావరకు. అందులో 110 కోట్ల లైకా దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు. కానీ ఓ వాగీశ్వరి ఉండొచ్చు. ఓ క్లిక్ త్రీ ఉండొచ్చు. అన్నిటికన్నా ముఖ్యంగా, మీ అమ్మ చిన్నప్పటి ఫొటో తీసిన కెమెరా అదే కావచ్చు.

ఒకప్పుడు ఫొటో కోసం ఈ పేటల ఆడవాళ్లు పరదా కట్టిన బండిలో గోడలచాటు స్టూడియోకి వెళ్లారు. ఆ దూరాన్ని చెరిపేసింది, పనిచేయని మూతలూ అమ్ముడుపోని నమూనాలూ చేసిన కొందరు మొండివాళ్లు. వాళ్ల కష్టంలో చివరి ముక్క మనింటి అటక మీద ఉంది. ఈ ఆదివారం నిచ్చెన వేసి ఓసారి చూడండి!

అటక మీద కెమెరా దొరికితే...

* వెంటనే వెనక మూత తెరవొద్దు. లోపల ఫిల్మ్ ఉంటే వెలుతురు తగిలి పాడవుతుంది. ఫిల్మ్‌ని వెనక్కి చుట్టే పిడిని మెల్లగా తిప్పి చూడండి. గట్టిగా అనిపిస్తే లోపల రోల్ ఉన్నట్లే. పిడి లేని పాత పెట్టె కెమెరాలైతే వెనకున్న చిన్న ఎర్ర కిటికీలో అంకె కనిపిస్తుందేమో గమనించండి. అనుమానంగా ఉంటే తెలిసినవాళ్లతో చీకటి గదిలోనే తీయించండి.

* మీట బిగుసుకుంటే బలవంతం చేయొద్దు. ఏళ్ల తరబడి వాడక లోపలి నూనె గట్టిపడి ఉంటుంది. విరిగితే విడిభాగం దొరకడం కష్టం.

* బ్యాటరీ ఉంటే తీసేయండి. లీకైన బ్యాటరీ లోపలి తీగల్ని తినేస్తుంది. పాత కెమెరాల్లో చాలావాటికి ఫొటో తీయడానికి బ్యాటరీ అవసరమే లేదు.

* లెన్స్‌ని పంచె కొంగుతో, చీర చెంగుతో తుడవొద్దు. ముందు దుమ్ము ఊదాలి, తర్వాతే మెత్తటి కుంచె. అద్దం లోపల సాలెగూడులా కనిపిస్తే అది బూజు. తోలు సంచిలో చెమ్మ చేరి బూజు పెరుగుతుంది. కాబట్టి సంచి వేరుగా, కెమెరా వేరుగా, తేమ పీల్చే సిలికా పొట్లాలతో డబ్బాలో పెట్టండి.

* కెమెరా మీది పేరు, నంబరు ఓ కాగితం మీద రాసుకోండి. దాంతోపాటు ఎవరు కొన్నారు, ఎప్పుడు, ఏయే ఫొటోలు తీశారు అన్నది ఇంట్లో పెద్దవాళ్లని అడిగి రాసిపెట్టండి. కంపెనీ వివరాలు ఎక్కడైనా దొరుకుతాయి. ఈ కథ మాత్రం మీ ఇంట్లోనే దొరుకుతుంది.